నాటే ముందు నారుకు ఎర్రనల్లి పడితే ఏం చేయాలి?

ఎకరం మిర్చిని అడ్డంగా, నిలువుగా 60 సెంటీమీటర్ల ఎడంతో అచ్చు తోలి (గీతలు గీసి) నాటితే పట్టేది సుమారు 11 వేల మొక్కలు. అవే నారుగా ఉన్నప్పుడు 98 గుంతల ట్రేల్లో 115 ట్రేలు, ఒక గదంత చోటు. ఆకు రసం పీల్చే చిన్న పురుగు ఎర్రనల్లిని ఆ గదంత చోటులో దఫాకు ఒక్క 16 లీటర్ల పిచికారీ పంపుతో అదుపు చేయొచ్చు. చేనుకు మోసుకుపోయాక ఎకరానికి దఫాకు పది పన్నెండు పంపులు పడతాయి, అదీ ఒకటి రెండు దఫాలతో తీరదు. ఇంత తేలికైన లెక్క ఉన్నా ఏటా జరిగేది వేరు. నారు కాస్త తెల్లబారగానే దుకాణానికి పోయి "ముడత మందు" అడుగుతారు, ఇచ్చినదాన్ని నిలబడి పైనుంచి చల్లుతారు, తెల్లారి ట్రాలీకి ఎత్తి నాటేస్తారు. ఆ మందు ఆకు పైభాగం మీద పడింది. నల్లి ఉన్నది ఆకు అడుగున.

ఇక్కడ చెప్పేది మిర్చి నారుకు. టమాట, వంకాయ నారుకూ ఇదే పద్ధతి. మందు మాత్రం సీసా మీద మీ పంట పేరు చూసి తీసుకోండి.

ముందు అది నల్లేనా?

ఆకు పైన సూదితో పొడిచినట్టు సన్నటి తెల్లటి, పసుపు చుక్కలు వస్తాయి. మొదట ఈనె పక్కన, ముదురాకుల్లో కనబడతాయి. తర్వాత ఆకు మొత్తం వెలిసిపోయి కంచు రంగుకు తిరుగుతుంది. బాగా ముదిరితే ఆకుకూ కాడకూ మధ్య సాలెగూడు లాంటి సన్నటి బూజు. బూజు కనబడ్డాక ఆ ట్రే గురించి ఆలోచించడం అనవసరం, అది పారేసే ట్రే.

ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలా అయితే అది తామర పురుగు. అంచులు కిందికి ముడుచుకుని, లేత ఇగురు గిడసబారి, ఆకు కాడ సాగి ఎలుక తోకలా ఉంటే తెల్లనల్లి. అది బూజు అల్లదు, కంటికీ కనబడదు. ఈ రెండింటినీ ఎర్రనల్లినీ కలిపి "ముడత" అని పిలవడంతోనే సగం డబ్బు వృథా అవుతోంది. తామర పురుగుకు వాడే ఇమిడాక్లోప్రిడ్ నల్లిని చంపదు. పైగా దాన్ని పదే పదే పోసిన నారులో నల్లి ఇంకా పెరుగుతుంది. సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటివి కొడితే నల్లిని తినే మంచి పురుగులు చచ్చి, నల్లి మిగులుతుంది.

అనుమానం తీరాలంటే తెల్ల కాగితం చాలు. మొక్క కింద కాగితం పట్టి, మొక్క కొసను రెండు మూడుసార్లు తట్టండి. పది సెకన్లు ఆగండి. దుమ్ము కదలదు. తామర పురుగు సన్నగా, పొడవుగా ఉండి చురుగ్గా పోతుంది. నల్లి చుక్కలా ఉండి మెల్లగా నడుస్తుంది. బొటనవేలితో రుద్దితే ఎర్రటి లేదా ముదురాకుపచ్చ గీత పడుతుంది. వేగంగా పరిగెత్తే, లేత రంగులో మెరిసే చుక్క కనబడితే అది నల్లిని తినే మంచి నల్లి కావచ్చు. ట్రేకు ఐదు చోట్ల తట్టి చూడండి. నాలుగు మూలల్లో ఒక్కోటి, నడుమ ఒకటి. ఫోన్ కెమెరాతో ఆకును ఫొటో తీసి పెద్దది చేసి చూసేవాళ్లున్నారు. అది దుమ్మునూ నల్లినీ ఒకేలా చూపిస్తుంది. పది రెట్ల భూతద్దం కొనుక్కోండి, ఏళ్ల తరబడి ఉంటుంది.

వానకాలంలో కూడా ఎందుకొస్తుంది?

ఎర్రనల్లి వేడికి, పొడికి పెరుగుతుంది. బయట చేనులో గట్టి వాన పడితే సగం కొట్టుకుపోతుంది. కానీ ప్లాస్టిక్ కప్పు కింద పెట్టిన నారుకు వాన తగలదు, వేడి మాత్రం తగులుతుంది. జులైలో నాలుగు రోజులు వాన మొహం చాటేస్తే కప్పు కింద ఎండకాలమే. పక్కన మట్టి రోడ్డుండి ట్రాక్టర్లు తిరుగుతుంటే ఆకుల మీద దుమ్ము పేరుకుంటుంది, అదీ నల్లికి కలిసొచ్చేదే.

ఇంకో కారణం బంతి. బతుకమ్మకు, దసరాకు పూలు అందాలని మిర్చి నారు పక్కనే బంతి నారూ పోస్తారు. బంతి అంటే ఎర్రనల్లికి మహా ఇష్టం. బంతి ట్రేలను మిర్చికి గాలి వచ్చే వైపు పెట్టొద్దు, వీలైతే అదే కప్పు కింద అసలే పెట్టొద్దు. గట్ల మీది ఆముదం, బెండ, చిక్కుడు కూడా ఒకసారి తిప్పి చూడండి.

మూడో కారణాన్ని ఎవరూ పట్టించుకోరు. నాటే ముందు వారం పది రోజులు నారు గట్టిపడాలని నీళ్లు తగ్గించి, నీడ తీసేస్తారు. పద్ధతి మంచిదే. కానీ దప్పికైన మొక్క మీద నల్లి ఇంకా జోరుగా పెరుగుతుంది. పది నల్లులు వందలయ్యేది సరిగ్గా ఆ వారమే. అందుకే గట్టిపరచడం మొదలుపెట్టే ముందు రోజు కాగితం పరీక్ష తప్పనిసరి. నల్లి కనబడితే గట్టిపరచడం ఆపి ముందు నల్లి సంగతి చూడండి. అంటే నాటే తేదీ రెండు వారాలు వెనక్కి పోతుంది. పోనివ్వండి. 35 రోజుల నారుకు బదులు 48 రోజుల నారు నాటితే నష్టం కొంచెం. నల్లి నారు నాటితే పంట పొడుగునా మందుల ఖర్చే.

కావలసినవి

16 లీటర్ల చేతి పంపు లేదా బ్యాటరీ పంపు, హాలో కోన్ నాజిల్ (సన్న తుంపరను గుండ్రంగా చిమ్మేది), కొస వంచిన గొట్టం, 10 మిల్లీలీటర్ల సిరంజి, గ్రాముల తూకం, చేతి తొడుగులు, మాస్కు, నిండు చేతుల చొక్కా, ఖాళీ యూరియా సంచులు, ట్రేల కింద పెట్టడానికి ఇటుకలు. కలుపు మందు కొట్టిన పంపు ఎంత కడిగినా వద్దు. పెట్రోలు పవర్ స్ప్రేయర్ కూడా నారుకు వద్దు. దాని ధాటికి లేత మొక్క పడుకుంటుంది, ఆకులు ఒకదానికొకటి అంటుకుని అడుగు భాగం మూసుకుపోతుంది.

మొదటి రోజు పొద్దున

ట్రేలను మూడు గుంపులు చేయండి: నల్లి లేనివి, చుక్కలున్నవి, బూజు పట్టినవి. పనిని నల్లి లేనివాటి దగ్గర మొదలుపెట్టి బూజు వాటి దగ్గర ముగించాలి. నల్లి బట్టల మీద కూడా వస్తుంది, అందుకే తిరుగు దారి ఉండొద్దు.

బూజు పట్టిన ట్రేల్లోని మొక్కలను అక్కడికక్కడే యూరియా సంచిలో వేసి, మూతి బిగించి, ఎండలో పడేయండి. గట్టు మీద కుప్ప పోస్తే ఆకు వాడేకొద్దీ నల్లి దిగి నడుస్తుంది, దారం పట్టుకుని గాలికి ఎగురుతుంది. ముదిరిన ట్రేలు పదిలో ఒకటి ఉన్నా సరే, ఏడ్చుకుంటూ అయినా పారేయాలి. పక్క నర్సరీలో పది ట్రేలు కొనడం, నల్లి పాకాక మీ దగ్గరున్న వందను కాపాడుకోవడం కన్నా చవక. కొన్నవాటికి కూడా కాగితం పరీక్ష చేశాకే లోపలికి.

చుక్కలున్న ట్రేలను మామూలు నీళ్లతో కడగండి. పైపు కొసకు సన్న ధారల షవర్ తగిలించి, కింది నుంచి పైకి పట్టి, ఆకు అడుగున తగిలేలా. ఈ ఒక్క పనికే చాలా నల్లి రాలిపోతుంది, బూజు పోగులు తెగుతాయి, దుమ్ము పోతుంది. పొద్దున తొమ్మిది లోపు ముగించాలి. మధ్యాహ్నానికి ఆకులు, మొదళ్లు ఆరకపోతే నల్లి పోయి నారుకుళ్లు వస్తుంది.

19-19-19 లాంటి నత్రజని ఉన్న ఎరువులు పిచికారీ చేస్తుంటే ఈ రెండు వారాలు ఆపేయండి. నత్రజనితో మెత్తబడ్డ ఆకు నల్లికి విందు.

ఏ మందు, ఎంత

మొదటి దఫాకు ఫెన్‌పైరాక్సిమేట్ 5 శాతం, లీటరుకు 1 మి.లీ., అంటే 16 లీటర్ల పంపుకు 16 మి.లీ. రెండో దఫాకు స్పైరోమెసిఫెన్ 22.9 శాతం, లీటరుకు 0.8 మి.లీ., పంపుకు 13 మి.లీ. ఈ వరుస తిప్పకండి. మొదటిది తిరుగుతున్న నల్లిని వెంటనే పడగొడుతుంది. రెండోది గుడ్ల మీద, పిల్ల నల్లుల మీద బాగా పనిచేస్తుంది కానీ పెద్ద నల్లుల మీద నిదానం. ముందే అది కొట్టి, రెండు రోజులకు ఇంకా నల్లులు తిరుగుతున్నాయని "మందు నకిలీది" అనుకునేవాళ్లు ఎందరో.

ఫెన్‌పైరాక్సిమేట్ దొరకలేదని ఫెనాజాక్విన్ ఇస్తే తీసుకోవచ్చు. కానీ ఒక దఫా ఒకటి, ఇంకో దఫా ఇంకోటి కొడితే మందు మార్చినట్టు కాదు. రెండూ నల్లి ఒంట్లో ఒకే చోట దెబ్బ కొడతాయి. పేరు మారితే చాలదు, పనిచేసే దారి మారాలి.

నల్లి మరీ తక్కువగా ఉండి, వాతావరణం చల్లగా ఉంటే మొదటి దఫాకు నీటిలో కరిగే గంధకం 80 శాతం, లీటరుకు 3 గ్రాములు సరిపోతుంది. తెల్లనల్లి కూడా కలిసి ఉంటే అదే మేలు. ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం లేత ఆకును మాడుస్తుంది, మేలో మన దగ్గర దాని మాటే ఎత్తొద్దు. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం వద్దు, గంధకం కొట్టిన రెండు వారాల్లోపు వేపనూనె వద్దు. దోస, కర్బూజ నారు పక్కన ఉంటే వాటి మీద పడనీయకండి.

ప్రొపర్గైట్ చేనులో మంచి మందే, లేత నారుకు కాదు. కొసలు మాడుతాయి. డైకోఫాల్‌ను 2023లో దేశమంతటా నిషేధించారు. పాత సీసా ఇంట్లో ఉన్నా, ఎవరైనా మూలన పెట్టి అమ్ముతున్నా ముట్టొద్దు. లేబుల్ లేని, "అన్ని రకాల ముడతకు" అని రాసిన సీసాల గురించి చెప్పేదేముంది, లోపల ఏముందో అమ్మేవాడికే తెలియదు.

సబ్బు నీళ్లు, షాంపూ వద్దు. మన బోర్లలో చాలాచోట్ల సున్నపు నీళ్లు. సబ్బు వాటిలో విరిగి తెల్లటి తెట్టు కడుతుంది, నల్లి మీద పనిచేయదు, నాజిల్ మాత్రం మూసుకుపోతుంది. బట్టల పొడి అయితే ఆకునే కాలుస్తుంది.

మందుకు మందు కలపొద్దు. పురుగు మందు, తెగులు మందు, సూక్ష్మ పోషకాలు, బలం టానిక్ అన్నీ ఒకే పంపులో పోసే అలవాటు చేనులో ఎలా చెల్లుతుందో గానీ, నారు మీద చెల్లదు. మాడిందంటే దేనివల్ల మాడిందో కూడా తేలదు.

అసలు కష్టం: ఆకు అడుగు తడవాలి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఎవరైనా చేస్తారు. పని చెడేది ఇక్కడే. ఈ మందులు తగిలిన చోటే పనిచేస్తాయి. ఆకు పైన పడ్డ మందు అడుగున ఉన్న నల్లికి చేరదు. స్పైరోమెసిఫెన్ ఆకులో కొంత దూరం ఇంకుతుంది గానీ, దాన్ని నమ్ముకుని పైనుంచి చల్లితే సగం పనే అవుతుంది.

ముందుగా మొదళ్లకు నీళ్లు పెట్టండి. గంట ఆగండి. దప్పికతో వాలిన మొక్క మీద మందు కొడితే మాడిపోవడం ఖాయం. తడిసిన కోకోపీట్ (ట్రేలో నింపే కొబ్బరి పొట్టు) బరువుకు ట్రే కూడా నిలకడగా ఉంటుంది.

తర్వాత ట్రేలను విడదీయండి. ఒకదానికొకటి ఆనించి నేల మీద పరిచిన ట్రేల్లో ఆకు అడుగు తడపడం ఎవరి తరమూ కాదు. ఇటుకల మీదో బల్ల మీదో మోకాలెత్తుకు లేపి, ట్రేకూ ట్రేకూ మధ్య ఒక ట్రే వెడల్పు ఖాళీ వదలండి. చోటు చాలకపోతే పది పది ట్రేలుగా చేయండి.

నాజిల్‌ను పైకి తిప్పండి. గొట్టం కొసను ట్రే అంచు దగ్గర, మొక్క మొదలు ఎత్తులో పెట్టి, నాజిల్ నోరు ఆకాశం వైపు ఉండేలా పట్టుకుని, వరుసల మధ్యలోంచి మెల్లగా జరపండి. ట్రేకు నాలుగు వైపుల నుంచీ ఇలాగే. చివర్లో పైనుంచి ఒక్కసారి తేలిగ్గా. పైనుంచి మొదలుపెట్టొద్దు. పైన పడ్డ నీళ్ల బరువుకు ఆకులు వాలి అడుగు కనబడకుండా పోతుంది.

30 రోజులు దాటిన నారులో వేర్లు గుంతను పట్టుకుని ఉంటాయి కాబట్టి ఇద్దరుంటే ఇంకా సుళువు. ఒకరు ట్రేను ఏటవాలుగా పైకెత్తి పట్టుకుంటే ఇంకొకరు కింది వైపు నుంచి కొట్టాలి. 20 రోజుల నారుతో ఇది చేయొద్దు, కుదురుతో సహా జారి కింద పడుతుంది.

ఎంత తడవాలి? ఆకు కొసన చుక్క కట్టి జారబోయే ముందు ఆపాలి. ధారగా కారేంత కొడితే మందంతా కోకోపీట్‌లోకి పోతుంది. 115 ట్రేలకు రెండు వైపులా కలిపి ఒక్క పంపు సరిపోతుంది. ఐదు లీటర్లతోనే అయిపోయిందంటే అడుగు తడవలేదు. ఆకు మీద నీళ్లు నిలవకుండా జారిపోతుంటే సిలికాన్ స్ప్రెడర్ (మందు ఆకు మీద పరుచుకునేలా చేసే ద్రవం) లీటరుకు 0.3 మి.లీ. కలపండి, మించొద్దు. ఎక్కువైతే అదే ఆకును కాలుస్తుంది.

పంపు పట్టే మనిషి చేయి కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే, పారేయబోయే ట్రే ఒకటి మిగుల్చుకోండి. మంచినీళ్లలో బట్టల నీలం కలిపి దాని మీద కొట్టమనండి. ఆరాక నడిమి వరుసలోంచి పది ఆకులు తిప్పి చూడండి. అంచు వరుసలు అందరికీ తడుస్తాయి, నడిమి వరుసల్లోనే తేలుతుంది. పదిలో కనీసం ఎనిమిదింటి అడుగున నీలం కనబడకపోతే మళ్లీ నేర్చుకోవాల్సిందే.

వేళ కూడా ముఖ్యం. ఎండకాలంలో సాయంత్రం ఐదు తర్వాత. వానకాలంలో పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య. గాలిలో తేమ ఉన్న రోజుల్లో సాయంత్రం తడిపితే రాత్రంతా ఆరక తెగుళ్లు వస్తాయి. మొదటి రోజు పొద్దున నీళ్లతో కడిగారు కాబట్టి, ఎండకాలమైతే అదే సాయంత్రం, వానకాలమైతే మరుసటి పొద్దున మందు.

అన్ని ట్రేలకూ కొట్టే ముందు రెండు ట్రేల మీద కొట్టి 24 గంటలు చూడడం మంచిది, ముఖ్యంగా కొత్త రకమో కొత్త మందో అయితే. అంచులు గోధుమ రంగుకు తిరిగినా, లేత ఆకు గిన్నెలా వంగినా ఆ మందు వద్దు. మాడుతుందన్న భయంతో మోతాదు సగం చేసి కొట్టేవాళ్లున్నారు. అది మాత్రం చేయకండి. చావకుండా మిగిలిన నల్లి ఆ మందుకు అలవాటు పడి చేనుకు వస్తుంది.

పంపు కడిగిన నీళ్లు చెరువులో, కాలువలో పోయొద్దు. ఫెన్‌పైరాక్సిమేట్ చేపలకు విషం.

రెండో దఫా మానేస్తే మొదటిది దండగ

మొదటి దఫాలో తిరుగుతున్న నల్లి చచ్చింది. గుడ్లు ఆకు అడుగున అలాగే ఉన్నాయి. 30 డిగ్రీల వేడిలో గుడ్డు పగలడానికి మూడు నాలుగు రోజులు, పిల్ల పెద్దదై మళ్లీ గుడ్లు పెట్టడానికి మొత్తం వారం పైచిలుకు. అంటే మొదటి దఫాకు మిగిలిన గుడ్లన్నీ పగలాలి, వాటిలోంచి వచ్చినవి ఇంకా గుడ్లు పెట్టకూడదు. రెండో దఫా ఆ సందులో పడాలి. ఎండకాలంలో ఐదో రోజు, వానకాలంలో ఆరేడు రోజులకు. మూడో రోజే కొడితే గుడ్లు ఇంకా మిగులుతాయి. పదిహేనో రోజు కొడితే కొత్త తరం గుడ్లు పెట్టేసి ఉంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. దుకాణంలో "పదిహేను రోజులకోసారి" అని చెప్పేది చేను లెక్క, నారు లెక్క కాదు.

రెండో దఫాకు ముందు ఆకు చూసి "నల్లి లేదుగా" అని ఆగకండి. లేకపోవడం సహజం, ఉన్నవి గుడ్లు. చుక్కలు పోలేదని అదనంగా కొట్టడం కూడా తప్పే. నల్లి పీల్చిన చోట పచ్చదనం తిరిగి రాదు. చూడాల్సింది కొత్తగా వచ్చిన రెండు మూడు ఆకులను. అవి శుభ్రంగా ఉంటే పని జరిగినట్టు.

రెండో దఫా అయిన ఐదో రోజు మళ్లీ కాగితం పరీక్ష. నడిచే నల్లి ఒక్కటి కూడా లేకుంటే గట్టిపరచడం మొదలుపెట్టండి. ఉన్న ట్రేలుంటే వాటిని పక్కకు తీసి మూడో దఫా కొట్టండి. మొదటి రెండు మందులూ కాకుండా డయాఫెన్‌థియురాన్ 50 శాతం పొడి, లీటరుకు 1.2 గ్రాములు. మూడు దఫాలకూ లొంగని ట్రే యూరియా సంచిలోకే.

మడిలో పోసిన నారైతే

వరంగల్ జిల్లా నర్సంపేట వైపు చపాటా మిర్చి లాంటివి ఇంటి విత్తనంతో మళ్లలో పోసేవాళ్లకు ట్రే లేపే వీలుండదు. మడి వెడల్పు మీటరు మించకుండా చేసుకుంటే రెండు వైపుల నుంచి వంచిన గొట్టం నడిమి దాకా అందుతుంది. చిక్కగా మొలిచిన చోట బలహీనమైనవి పీకి పలుచన చేశాకే మందు కొట్టాలి. పలుచన చేయకుండా కొట్టేది వృథా. మడి చుట్టూ మూరెడు దూరం గడ్డి లేకుండా చెక్కేయండి, కానీ మందు కొట్టిన తర్వాత కాదు, ముందు. ముందే చెక్కితే గడ్డిలోంచి నారు మీదికి వచ్చిన నల్లికి కూడా మందు తగులుతుంది.

నాటే రోజు

ట్రేలు ఎత్తే ముందు చివరిసారి పది ట్రేలు తట్టి చూడండి. మందు కొట్టిన నారు, కొట్టని నారు ఒకే ట్రాలీలో ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. మందు కొట్టక ముందు చుక్కలున్న ట్రేలను చేనులో ఒకే మూలన, గాలి బయటికి పోయే అంచున నాటించి, ఆ వరుసల మొదట్లో ఒక కర్ర పాతించండి. మొదటి నెల వారానికోసారి కాగితం పట్టాల్సింది ఆ కర్ర దగ్గరే. నాటగా మిగిలిన ట్రేలు గట్టు మీద వదిలేసి పోతారు, నీళ్లు లేక వాడి వాటి మీద నల్లి పెరిగి చేనులోకి నడిచేది అక్కడి నుంచే. చచ్చిన మొక్కల స్థానంలో నాటడానికి పది రోజుల పాటు ఉంచుకోవాలంటే రోజూ నీళ్లు పోసి ఉంచండి, లేదంటే ఆ రోజే సంచిలో కట్టేయండి.